గురక ఎవరి శాఖ?

పుంగనూరులో ఒక తల్లి ఆరేళ్ళ కొడుకును పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకొస్తుంది. దంతం పుచ్చింది, రాత్రుళ్ళు ఏడుస్తున్నాడు. అదే పిల్లాడికి ఏడాదంతా ముక్కు కారుతూనే ఉంటుంది, దానికి మదనపల్లెలో పిల్లల డాక్టరు సిరప్ రాసిస్తాడు. బడిలో అయ్యవారు "వీడికి ధ్యాస లేదమ్మా, ఒక్కచోట కూర్చోడు" అంటాడు. ఆరేళ్ళొచ్చినా పక్క తడుపుతున్నాడని అవ్వ తాయెత్తు కట్టిస్తుంది. నాలుగు ఫిర్యాదులకు నాలుగు గుమ్మాలు. ఈ నాలుగింటితోనూ ముడిపడి ఉండగల అయిదో సంగతి ఒకటుంది. వాడు రాత్రంతా నోరు తెరుచుకుని గురక పెడతాడు. అది ఏ గుమ్మంలోనూ ఎవరూ అడగరు, తల్లీ చెప్పదు. ఎవరైనా అడిగితే "వాళ్ళ నాయనా అంతే సార్, పడుకుంటే ఇల్లెగిరిపోతుంది" అని నవ్వుతుంది.

నోరు, పళ్ళు, దవడ, ముక్కు, గొంతు నిద్రను ఎంతవరకు చెడగొడతాయి, వాటిని బాగు చేయిస్తే నిద్ర ఎంతవరకు బాగుపడుతుంది అన్న ప్రశ్న మీద గత యాభై ఏళ్ళలో బోలెడు పని జరిగింది. అందులో కొంత గట్టి ఆధారం, కొంత ఆశ, కొంత వట్టి వ్యాపారం. మూడూ ఇప్పుడు ఫోన్లో ఒకే వీడియోలో కలిసి వచ్చేస్తున్నాయి. ఆ వీడియోలు చేరే మదనపల్లె, పుంగనూరు, కుప్పం 2022 దాకా ఒకే చిత్తూరు జిల్లాలో ఉండేవి, ఇప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా వైద్యానికి వెళ్ళే దారులు మారలేదు. పెద్ద జబ్బంటే మదనపల్లె వాళ్ళు బెంగళూరో తిరుపతో వెళ్తారు. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది, అది దాటితే బెంగళూరు రైలు, లేకపోతే వేలూరు సీఎంసీ. గురక కోసం ఈ దారుల్లో బయలుదేరేవాళ్ళు మాత్రం బహు తక్కువ.

ముందు లోపల జరిగేదేమిటో చూద్దాం. ముక్కు చుట్టూ ఎముక ఉంది. మెడ దిగువన గాలిగొట్టానికి మృదులాస్థి కట్లున్నాయి. ఈ రెంటి నడుమ, కొండనాలుక వెనక నుంచి నాలుక మొదలు దాకా ఉన్న దారికి మాత్రం చుట్టూ కండే తప్ప గట్టి ఆసరా లేదు. మెలకువలో ఆ కండ బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతుంది, నిద్ర పట్టగానే సడలుతుంది. దారి ముందే ఇరుకైతే, బలంగా పీల్చిన కాగితపు స్ట్రాలాగా గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. సగం నొక్కుకుంటే గురక వస్తుంది. పూర్తిగా మూసుకుంటే గురక ఆగిపోతుంది. అసలు భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికి. ఛాతీ ఎగసిపడుతూ ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, మెదడు ఉలిక్కిపడి, కండను మళ్ళీ బిగిస్తుంది. ఒక్క పెద్ద గుటక, ఒక దీర్ఘమైన ఊపిరి, మళ్ళీ గురక మొదలు. పడుకున్న మనిషికి ఇదేదీ గుర్తుండదు.

పెద్దవాళ్ళలో పది సెకన్లు, అంతకు పైన ఊపిరి ఆగితేనో బాగా తగ్గితేనో ఒక లెక్క వేస్తారు. గంటకు అలాంటివి 5 దాటితే జబ్బు కిందికి వస్తుంది, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. దీనికి స్లీప్ ఆప్నియా అని పేరు. పిల్లలకు ఈ లెక్క పనికిరాదు, వాళ్ళలో గంటకు ఒకటి దాటినా మామూలు కాదంటారు. దారి ఇరుకు కావడానికి కారణాలు కూడా వయసును బట్టి మారతాయి. పెద్దవాళ్ళలో మెడ చుట్టూ, నాలుకలో చేరే కొవ్వు, చిన్న దవడ, వయసుతో సడలిన కండ. పిల్లల్లో ముఖ్యంగా టాన్సిల్స్, అడినాయిడ్స్. ఈ తేడా పట్టుకోకపోతే పిల్లాడికి పెద్దవాళ్ళ వైద్యం, పెద్దవాళ్ళకు పిల్లల వైద్యం చేసే ప్రమాదం ఉంది. ఇప్పుడు నడుస్తున్న గందరగోళంలో సగం అక్కడిదే.

అడినాయిడ్స్ అంటే ముక్కు వెనక, కొండనాలుకకు పైన ఉండే మెత్తటి కణజాలం. నోరు తెరిస్తే కనిపించదు. 1868లో కోపెన్‌హేగన్ డాక్టరు విల్‌హెల్మ్ మేయర్ వాటి గురించి మొదటిసారి వివరంగా రాశాడు. ముక్కు మూసుకుపోవడం, నోటితో ఊపిరి, మందగించిన వినికిడి, తెరిచిన నోటితో వేలాడినట్టుండే ముఖం అన్నిటికీ కారణం ఒక్కటేనని చూపించాడు. కోపెన్‌హేగన్ మనకు మరీ పరాయి ఊరేమీ కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానటోరియాన్ని 1910లలో నిలబెట్టిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ కూడా డెన్మార్కు వాడే. క్షయ రోగులను వరండాల్లో, ఆరుబయట గాలిలో పడుకోబెట్టి ఊపిరి మీద అంత శ్రద్ధ పెట్టిన ఊళ్ళో ఇవాళ పిల్లల గురక లెక్కలోకే రాదు.

అడినాయిడ్స్, టాన్సిల్స్ రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వయసులో గొంతు వైశాల్యంతో పోల్చితే పెద్దవిగా ఉంటాయి, ఆ తర్వాత మెల్లగా కుంచించుకుపోతాయి. ఆ మధ్య కాలంలో పిల్లాడి నిద్ర చూడాలి. మెడ వెనక్కి విరిచి పడుకుంటాడు, ఎందుకంటే అలా పడుకుంటే దారి కాస్త తెరుచుకుంటుంది. లేదంటే మోకాళ్ళు ముడుచుకుని బోర్లా పడుకుంటాడు. చలికాలంలో కూడా తలగడ చెమటతో తడుస్తుంది. ఊపిరి తీసినప్పుడు మెడ కింది గుంట, పక్కటెముకల సందులు లోపలికి పోతాయి. మంచమంతా తిరుగుతాడు. తెల్లారితే లేవడు, లేచినా చిరాకు. పెద్దవాడికి నిద్ర చాలకపోతే పగలు కునుకుతాడు. పిల్లాడికి చాలకపోతే కుదురుండడు. బడిలో వాడికి అల్లరివాడన్న పేరు వచ్చేది అందుకే.

వందమంది పిల్లల్లో పదిమంది దాకా తరచుగా గురక పెడతారు. అందులో అసలు ఆప్నియా ఉన్నవాళ్ళు వందకు ఒకరి నుంచి అయిదుగురి వరకు ఉంటారని అంచనా. అంటే గురక పెట్టే ప్రతి పిల్లాడికీ ఆపరేషన్ అక్కర్లేదు, అలాగని నవ్వి వదిలేయనూ కూడదు. ఏ కారణంగా వచ్చిన పిల్లవాణ్ణయినా గురక గురించి ఒక మాట అడగాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో డాక్టర్లకు చెప్పింది.

ఆపరేషన్ విషయంలో గట్టి ఆధారం 2013లో వచ్చింది. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలను 464 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వెంటనే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీశారు, రెండో జట్టును ఏడు నెలలు కనిపెట్టుకుని ఉన్నారు. ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుకు వచ్చింది. ఆపరేషన్ లేనివాళ్ళలో కూడా 46 శాతం మందికి దానంతటదే సర్దుకుంది. ప్రవర్తన, లక్షణాలు, ఇంట్లో తీరు ఆపరేషన్ జట్టులో బాగా మెరుగయ్యాయి. ధ్యాస, తెలివి పరీక్షల్లో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. "టాన్సిల్స్ తీయిస్తే మార్కులు వస్తాయి" అనేవాళ్ళకు ఈ చివరి వాక్యం చదివి వినిపించాలి. తేలికపాటి గురక ఉన్న 459 మంది పిల్లల మీద 2023లో వచ్చిన ఇంకో అధ్యయనంలోనూ అదే తీరు: ఏడాది తర్వాత ధ్యాసలో తేడా లేదు, గురక, ప్రవర్తన, రక్తపోటు మాత్రం ఆపరేషన్ అయినవాళ్ళలో నయం.

నాకు వీటన్నిటికంటే నచ్చింది అదే 2023లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చిన్న పరిశోధన. 3 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 276 మందిలో సగం మందికి ఆరు వారాలు ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే, మిగతా సగానికి వట్టి ఉప్పునీళ్ళ స్ప్రే ఇచ్చారు. స్టెరాయిడ్‌తో 44 శాతం, ఉప్పునీళ్ళతో 41 శాతం మందికి లక్షణాలు పోయాయి. రెండూ ఇంచుమించు సమానమే. మెడికల్ షాపులో చవగ్గా దొరికే ఉప్పునీళ్ళ చుక్కలు ఆరు వారాలు ఓపికగా వేస్తే పది మందిలో నలుగురికి ఈఎన్‌టీ డాక్టరు అవసరం కూడా రాకపోవచ్చు. ఊపిరి ఆగుతున్నట్టు కంటికి కనిపిస్తున్న పిల్లాడికి ఈ నిరీక్షణ కుదరదు. మామూలు గురకకు మాత్రం మొదటి మెట్టు ఇదే కావాలి. ఇందులో ఎవరికీ పెద్దగా డబ్బు రాదు కాబట్టి దీని గురించి బోర్డు ఎవరూ పెట్టరు.

ముక్కు సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వానలు పడ్డాక రోడ్ల పక్కన, బీడుల్లో తెల్లపూలతో మోకాలెత్తు లేచే వయ్యారిభామ పుప్పొడి ముక్కు ఎలర్జీకి పెద్ద కారణమని పక్కనే ఉన్న బెంగళూరులో 1990ల మొదట్లోనే పరిశోధకులు చూపించారు. మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఉన్నాయి. పురుగుల పెంట, పట్టు సీతాకోకచిలకల రెక్కల పొట్టు ముక్కు ఎలర్జీకి, ఉబ్బసానికి కారణమవుతాయన్నది పట్టు పని ఉన్న చోటల్లా తెలిసిన విషయమే. చాలా ఇళ్ళలో షెడ్డు వేరే ఉండదు, పురుగులు పెరిగే గదికి పక్క గదిలోనే పిల్లలు పడుకుంటారు. ఎలర్జీ ముక్కును మూస్తుంది, ముక్కు మూసుకుంటే నోరు తెరుచుకుంటుంది, నోరు తెరిస్తే నాలుక వెనక్కి జారుతుంది. పిల్లాడి ముక్కు ఎందుకు మూసుకుంటోందో తెలుసుకోకుండా టాన్సిల్స్ మీదికి వెళ్ళడం తొందరపాటు.

ఇక పళ్ళ దగ్గరికి వద్దాం. ఏళ్ళ తరబడి నోటితో ఊపిరి తీస్తే దవడ తీరు మారుతుందా? 1981లో అమెరికాలో ఎగిల్ హార్వోల్డ్ బృందం కోతుల ముక్కులు మూసి చూసింది. నోటితో ఊపిరి తీయాల్సివచ్చిన కోతులకు కాలక్రమాన దవడలు, పళ్ళ వరస మారాయి. కానీ ఒక్కో కోతిలో ఒక్కో రకంగా మారాయి. ఈ రెండో మాట వీడియోల్లో వినిపించదు. పిల్లల్లో కూడా సంబంధం ఉంది, ఎంతన్నది పిల్లాణ్ణి బట్టి, వంశాన్ని బట్టి ఉంటుంది. సన్నగా, ఎత్తుగా ఉన్న అంగిలి, ముందుకొచ్చిన పై పళ్ళు, వెనక్కి ఉన్న గడ్డం కనిపిస్తే పళ్ళ డాక్టరు నిద్ర గురించి అడగాలి. అంతే తప్ప "పళ్ళ వరస బాగుచేస్తే గురక పోతుంది" అనకూడదు.

మెత్తటి తిండి వల్లే మన దవడలు కుంచించుకుపోయాయని స్టాన్‌ఫర్డ్ జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, పళ్ళ డాక్టరు సాండ్రా కాన్ 2018లో ఒక పుస్తకం రాశారు. గట్టివి నమలండి, దవడ పెరుగుతుంది అన్నది సారాంశం. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కొంత నిజమే. అయితే ఈ సిద్ధాంతాన్ని పుంగనూరు పక్క పల్లెలో ఒప్పించడం కష్టం. రాగి సంగటి ముద్దను ఇక్కడెవరూ నమలరు, ఊరిబిండిలో అద్ది మింగుతారు. తరతరాలుగా మింగుతున్నారు. సంగటి తిన్న తాతలకు గడ్డాలు లేవా?

అంగిలిని వెడల్పు చేసే పరికరం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ నిజమూ ఉంది, అతీ ఉంది. పై దవడపళ్ళకు బిగించి, మధ్యలో ఉన్న స్క్రూను రోజూ కొంచెం తిప్పితే, ఎదిగే పిల్లల్లో మధ్య అతుకు విచ్చి అంగిలి వెడల్పవుతుంది. నోటికి కప్పయిన అంగిలే ముక్కుకు నేల కాబట్టి ముక్కు లోపలా చోటు పెరుగుతుంది. 2004లో ఇటలీలో 31 మంది పిల్లల మీద చేసి ఊపిరి ఆగడం దాదాపు పోయిందని రాశారు. ఆ పిల్లలకు టాన్సిల్స్ సమస్య లేదు, అంగిలి నిజంగానే సన్నం, పోల్చడానికి వేరే జట్టు లేదు. అమెరికా పళ్ళ వరస నిపుణుల సంఘం 2019లో మొత్తం ఆధారాలు చూసి చెప్పింది: అంగిలి సన్నగా ఉన్న పిల్లాడికి ఈ పరికరం సబబే, నిద్ర కూడా కొంత బాగుపడవచ్చు, అంగిలి బాగున్న పిల్లాడికి గురక కోసమని, రేపు ఆప్నియా రాకుండా అని వేయకూడదు. ఇంతకంటే ఎక్కువ చెప్పేవాళ్ళు అమ్మడానికి చెబుతున్నారని అనుకోవచ్చు. నాలుక కింద తీగ కోస్తే నిద్ర బాగుపడుతుందన్న మాటకు ఉన్న ఆధారం ఇంకా పలచన.

దీనికి ఎదురు భయం కూడా ఒకటి ఊళ్ళల్లో తిరుగుతోంది. క్లిప్పులు వేయడానికి ముందు నాలుగు పళ్ళు తీయిస్తే నోరు ఇరుకై గురక వస్తుందని. 2015లో అమెరికాలో 5,500 మందికి పైగా రోగుల రికార్డులు చూశారు. సగం మందికి ఆ నాలుగు పళ్ళూ లేవు, సగం మందికి ఉన్నాయి. రెండు పక్కలా ఆప్నియా పది శాతం దరిదాపుల్లోనే ఉంది. ఈ భయంతో పాపకు క్లిప్పులు మానేయక్కర్లేదు.

నిద్రలో పళ్ళు కొరకడాన్ని మన పెద్దవాళ్ళు కడుపులో నులిపురుగుల మీదికి తోస్తారు. "పండ్లు కొరుకుతాండాడు, పురుగుల మందు తాపించండి" అంటుంది అవ్వ. పురుగుల మాత్ర మంచిదే, ఫిబ్రవరి 10న బళ్ళలో ఎలాగూ ఇస్తారు, దాంతో పళ్ళు కొరకడం ఆగుతుందని మాత్రం ఆధారం లేదు. పిల్లల్లో చాలామందికి అది వయసుతో పోతుంది. గురక, పళ్ళు కొరకడం రెండూ కలిసి ఉంటే మాత్రం ఊపిరి దారి చూపించాలి, ఎందుకంటే నిద్ర తెగిన ప్రతిసారీ దవడ కండ బిగుసుకునే వీలుంది. ఇక పుచ్చుపన్ను రాత్రే ఎక్కువ నొప్పి పెడుతుందన్నది అందరికీ అనుభవమే. పడుకుంటే తలలోకి రక్తం ఒత్తిడి పెరిగి, పన్ను లోపలి గుజ్జు వాచి, చోటు లేక సలుపుతుంది. దేశంలో 2002-03లో జరిగిన దంత సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్ళున్నాయని తేలింది. ఈ పిల్లల నిద్ర బాగుచేయడానికి ఏ కొత్త సిద్ధాంతమూ అక్కర్లేదు, పన్నుకు వైద్యం చేయిస్తే చాలు, ఆ రాత్రి నుంచే నిద్ర పడుతుంది.

పెద్దవాళ్ళ కథ వేరు. 30 నుంచి 69 ఏళ్ళ మధ్య ప్రపంచంలో 93 కోట్ల 60 లక్షల మందికి ఏదో ఒక స్థాయిలో ఆప్నియా ఉంటుందని 2019లో ఒక అంచనా వచ్చింది. మన దేశంలో పనిచేసే వయసువాళ్ళలో సుమారు 10 కోట్ల 40 లక్షల మంది అని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు లెక్కగట్టారు. మన దవడ నిర్మాణం వల్ల, పొట్ట దగ్గర కొవ్వు చేరే తీరు వల్ల, తెల్లవాళ్ళకంటే తక్కువ బరువుకే మనకు ఇది వస్తుంది. "నేనేమంత లావు లేనే" అన్నది ఇక్కడ చెల్లదు.

దీన్ని పసిగట్టడానికి ప్రపంచమంతా వాడే ఒక చూపు తెలుగువాడి పేరు మీద ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన మత్తు డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు, బోస్టన్‌లో పనిచేస్తూ 1985లో ఒక చిన్న పద్ధతి ప్రచురించాడు. రోగిని కూర్చోబెట్టి నోరు పూర్తిగా తెరిచి నాలుక చాపమనాలి, "ఆ" అనమనకూడదు. కొండనాలుక, దాని పక్క స్తంభాలు అన్నీ కనిపిస్తే ఒకటో తరగతి. నాలుక అడ్డొచ్చి కొద్దికొద్దిగా మరుగవుతూ పోతే రెండు, మూడు. ఆయన చెప్పినవి మూడే, గట్టి అంగిలి తప్ప ఏమీ కనిపించని నాలుగో తరగతిని 1987లో వేరేవాళ్ళు కలిపారు. ఆపరేషన్ సమయంలో గొంతులోకి గొట్టం వేయడం ఎంత కష్టమో ముందే తెలుసుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2006లో, నిద్ర పరీక్షకు వచ్చినవాళ్ళ మీద దీన్ని వాడి చూస్తే, ఒక్కో తరగతి పెరిగేకొద్దీ ఆప్నియా ఉండే అవకాశం రెట్టింపుకు మించి పెరిగింది. దానికి టార్చిలైటు తప్ప పరికరం అక్కర్లేదు. రోజుకు పదుల నోళ్ళు తెరిపించి చూసే పళ్ళ డాక్టరుకు ఇది ఉచితంగా కనిపించే దృశ్యం. మూడు ఊళ్ళలోనూ నిద్ర డాక్టరు బోర్డు వెతుక్కోవాలి, పళ్ళ డాక్టరు బోర్డు మాత్రం బజారుకు ఒకటుంటుంది. అనుమానం మొదలవ్వాల్సిన చోటు ఆ కుర్చీయే అని నా అభిప్రాయం. తేలాల్సిన చోటు మాత్రం అది కాదు. అమెరికా దంత వైద్య సంఘం 2017లో తన వాళ్ళకు చెప్పింది కూడా ఇదే: చూడండి, అడగండి, పంపండి, నిర్ధారణ డాక్టరు పని.

అడగడం ఎవర్ని అన్నదే చిక్కు. గురక పెట్టే మనిషికి తెలియదు, పక్కన పడుకున్న మనిషికే తెలుసు. భర్త గురక గురించి భార్య నలుగురిలో చెప్పి నవ్వుతుంది, భార్య గురక గురించి భర్త చెప్పడు, ఆమె అసలే చెప్పుకోదు. బహిష్టులు ఆగాక ఆడవాళ్ళలో ఆప్నియా పెరుగుతుంది. వాళ్ళు డాక్టరుకు చెప్పేది గురక కాదు, "నిద్ర పట్టదు, పొద్దున్నే తలనొప్పి, ఒళ్ళు నీరసం" అని. దానికి రక్తం మాత్రలు, నిద్ర మాత్రలు రాసిస్తారు. కొన్ని నిద్ర మాత్రలు గొంతు కండను ఇంకా సడలిస్తాయి. మూడు మందులు వాడినా దిగని బీపీ, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడం, ఆడైనా మగైనా ఈ రెండూ ఉంటే నిద్ర పరీక్ష చేయించి చూడాలి.

మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి సాయంత్రం సరుకెత్తుకుని తెల్లారేసరికి చెన్నైకో, ఇంకా దూరమో చేరాల్సిన లారీ డ్రైవరుకు ఇది బతుకు చావుల ప్రశ్న. ఆప్నియా ఉన్న డ్రైవరు ప్రమాదానికి గురయ్యే అవకాశం లేనివాడికంటే దాదాపు రెండున్నర రెట్లని 2009లో అధ్యయనాలన్నీ కలిపి లెక్కించారు. లైసెన్సు రెన్యువల్‌కు కళ్ళు చూస్తారు. మెడ చుట్టుకొలత ఎవరూ చూడరు. మగవాడికి అది 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి, అంటే చొక్కా కాలరు సైజు 16 దగ్గర.

వైద్యంలో ఇప్పటికీ మొదటిది సిపాప్ మెషీన్. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ ముక్కు మీది మాస్కులోకి గాలి ఒత్తిడితో పంపి, అయిదుగురు రోగుల గొంతు మూసుకోకుండా ఆపి చూపించాడు. గురక మొదటి రాత్రే ఆగుతుంది, పగటి మగత తగ్గుతుంది, బీపీ కొంచెం దిగుతుంది. గుండెపోట్లు తగ్గుతాయా? గుండె జబ్బున్న 2,717 మంది మీద 2016లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తగ్గలేదు. వాళ్ళు మెషీన్ వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే కాబట్టి ఆ ఫలితం మీద వాదన ఇంకా నడుస్తోంది. ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది, మాస్కు కట్టుకుని పడుకోవడానికి చాలామంది ఒప్పుకోరు, కుప్పం పల్లెల్లో కరెంటు పోతే ఆ రాత్రికి అంతే. బరువు తగ్గడం మంచి మందు, ఎవరికీ తేలిక కాని మందు. బరువు ఎక్కువున్న రోగులకు టిర్జెపటైడ్ సూదిమందుతో ఆప్నియా బాగా తగ్గిందని 2024లో తేలింది, మన దేశంలోకి 2025లో వచ్చింది, ధర విన్నవాళ్ళు వెనక్కి తగ్గుతున్నారు.

పళ్ళ డాక్టరు నిజంగా వైద్యం చేయగల చోటు ఒకటుంది. కింది దవడను ముందుకు జరిపి పట్టుకునే పరికరం. పై వరసకు ఒకటి, కింది వరసకు ఒకటి అచ్చు తీసి రెండు తొడుగులు చేస్తారు. రోగిని దవడ ఎంత ముందుకు రాగలిగితే అంత పెట్టమని, అందులో సగం కంటే కొంచెం ఎక్కువ దగ్గర మొదలుపెట్టి, వారాల మీద కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు. దవడతోపాటు నాలుక కూడా ముందుకు వచ్చి దారి తెరుచుకుంటుంది. ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో సిపాప్‌కు సాటి రాదు. రాత్రంతా వాడేవాళ్ళు మాత్రం దీనికే ఎక్కువ. తేలిక, మధ్యరకం ఆప్నియాకు, మాస్కు భరించలేనివాళ్ళకు ఇది సరైనదే. అది వేసుకుని మళ్ళీ నిద్ర పరీక్ష చేయాలి. గురక తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గిందని కాదు. ఏళ్ళ మీద పళ్ళ వరస కొంచెం కదులుతుంది, పొద్దున దవడ కీలు నొస్తుంది, చొంగ కారుతుంది. ఆన్‌లైన్‌లో వేడినీళ్ళలో ముంచి కొరికి పెట్టుకునే చవక రకాలు దీనికి బదులు కావు.

ఈ పరికరం పట్టాలంటే గట్టి పళ్ళు కావాలి, నోరు తెరుచుకోవాలి. ఇక్కడే గుట్కా అడ్డం వస్తుంది. ఏళ్ళ తరబడి వక్క, గుట్కా నమిలినవాళ్ళకు బుగ్గల లోపలి పొర నారలా బిగుసుకుపోయి నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోదు. అలాంటి నోట్లోకి అచ్చు తీసే ట్రే కూడా పోదు. గ్రానైట్ క్వారీల్లో, లారీల మీద పనిచేసే కుర్రాళ్ళకు ముప్ఫై దాటకముందే వస్తున్న ఈ బిగుసుకుపోవడం రేపు ఆపరేషన్ బల్ల మీద మత్తు డాక్టరుకూ కష్టమే తెస్తుంది.

పళ్ళన్నీ పోయిన ముసలివాళ్ళ సంగతి చిక్కుగా ఉంది. పళ్ళ సెట్టు తీసేసి పడుకుంటే ముఖం కుంగి, నాలుక వెనక్కి జారి ఆప్నియా పెరుగుతుందని ఇటలీ నుంచి ఒక అధ్యయనం. దానికి ఎదురు ఫలితాలు కూడా ఉన్నాయి. జపాన్‌లో 85 దాటిన 524 మందిని గమనిస్తే, సెట్టు పెట్టుకునే పడుకున్నవాళ్ళకు న్యుమోనియా రెండు రెట్లకు పైగా ఎక్కువ వచ్చింది. అందుకని రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వేసి పడుకోమనే పాత సలహానే నేను పాటిస్తాను. తాతకు ఆప్నియా ఉందని పరీక్షలో తేలితే అప్పుడు వేరే ఆలోచించొచ్చు.

నోటికి టేపు అంటించుకుని పడుకునే పిచ్చి ఒకటి ఫోన్ల ద్వారా మదనపల్లె దాకా వచ్చింది. 2025లో పది అధ్యయనాలు, 213 మందిని కలిపి చూస్తే పెద్ద లాభం కనిపించలేదు, ముక్కు మూసుకుపోయినవాళ్ళకు ప్రమాదమని తేలింది. పిల్లలకు అంటించే మాటే వద్దు.

పరీక్ష సంగతి. రాత్రంతా ఆస్పత్రిలో తలకు, ఛాతీకి తీగలు పెట్టి చేసేది పూర్తి పరీక్ష. దానికి ఇక్కడివాళ్ళు ఎక్కువగా బెంగళూరు, తిరుపతి, వేలూరు వైపే చూస్తారు. పెద్దవాళ్ళకు ఇంట్లోనే వేలికి, ఛాతీకి, ముక్కుకు చిన్న పరికరం పెట్టుకుని చేసే పరీక్ష చాలాసార్లు సరిపోతుంది. పిల్లలకు అది అంతగా నమ్మదగింది కాదు. వాళ్ళకు మొదటి సాక్ష్యం తల్లి ఫోనే. పిల్లాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు, చొక్కా విప్పి, ఛాతీ, ముఖం కనిపించేలా లైటు వేసి, గొంతు వినిపించేలా రెండు మూడు నిమిషాల వీడియో తీసి తీసుకొస్తే, ఈఎన్‌టీ డాక్టరుకు నోటిమాటకంటే చాలా ఎక్కువ తెలుస్తుంది. తెల్లవారుజామున తీస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కలలొచ్చే నిద్ర అప్పుడెక్కువ, పిల్లల్లో ఊపిరి ఆగడం కూడా ఆ నిద్రలోనే ఎక్కువ.

ప్రభుత్వం వైపు నుంచి ఒక పని సులువుగా అవుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పిల్లలను చూడాలి. ఆ జాబితాలో ముప్ఫై జబ్బులున్నాయి. పుచ్చుపళ్ళున్నాయి, ఉబ్బసం ఉంది, చెవి కారడం ఉంది, ధ్యాస లేని అల్లరి కూడా జబ్బుగా ఉంది. గురక చుట్టూ ఉన్నవన్నీ ఉన్నాయి, గురక లేదు. "వారంలో సగానికి పైగా రాత్రులు గురక పెడతాడా, ఊపిరి ఆగినట్టు చూశారా" అన్న రెండు ప్రశ్నలు ఆ కాగితంలో కలపడానికి కొత్త ఉద్యోగమూ కొత్త యంత్రమూ అక్కర్లేదు. కాకపోతే తేలిన పిల్లల్ని ఎక్కడికి పంపాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి. కుప్పం తల్లిని వంద కిలోమీటర్ల దూరంలోని చిత్తూరు పొమ్మంటే పోదు, కూలి పోతుంది. ఈఎన్‌టీ విభాగం ఉన్న మెడికల్ కాలేజీ ఆమె ఊళ్ళోనే ఉంది.